లినక్స్‌కి ఏ ప్రింటర్ కొనాలి? షాపులో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

పోయిన నెల తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు ల్యాప్‌టాప్‌లో అదేదో వేసి వెళ్లావు కదా, దానికి ప్రింటర్ కొందామని షాపుకొచ్చాను. లినక్స్ అనగానే ఇక్కడి అబ్బాయి 'విండోస్ అయితే చెప్పండి సార్, దానికి మాత్రం గ్యారంటీ ఇవ్వలేం' అంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

బాబాయిది పాత ల్యాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఆ మెషీన్‌కి ఎక్కదు. బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పక, విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్ మింట్ వేసిచ్చాను. బ్రౌజరు, యూట్యూబు, ఉత్తరాలు టైప్ చేసుకోవడం అన్నీ కుదిరాయి. మిగిలింది ప్రింటర్ ఒక్కటే. మీభూమిలో దించుకున్న అడంగల్ అయినా, మనవరాలి వర్క్‌షీట్ అయినా పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి నడవాల్సిందే.

"బాబాయ్, నువ్వు లినక్స్ మాట ఎత్తకు. కంపెనీ యాప్ వేసుకోకుండా ఫోన్ నుంచి ప్రింట్ ఇవ్వొచ్చా అని అడుగు. డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని గానీ, మోప్రియా అని గానీ రాసుందేమో చూడు" అన్నాను.

ఎయిర్‌ప్రింట్ అనేది యాపిల్ వాళ్లది. బాబాయికి ఐఫోన్ లేదు, మ్యాక్ లేదు. అయినా అదే ఎందుకు చూడమన్నానో తెలిస్తే లినక్స్‌కి ప్రింటర్ ఎంచుకోవడంలో చిక్కు ముప్పాతిక భాగం విడిపోతుంది.

ముగ్గు వచ్చిన ప్రింటరు, రాని ప్రింటరు

ప్రింటర్‌కి అక్షరాలు తెలియవు, చుక్కలే తెలుసు. అంగుళానికి 600 చుక్కలు పెట్టే లేజర్ ప్రింటర్ ఒక ఏ4 కాగితం అచ్చు వెయ్యాలంటే దాదాపు మూడున్నర కోట్ల చుక్కల్లో ఏది నలుపు, ఏది తెలుపు అన్నది తేలాలి. ఆ లెక్క కంప్యూటర్ తేల్చాలా, ప్రింటర్ తేల్చాలా అన్న దగ్గరే అసలు తేడా వస్తుంది.

ముగ్గు సంగతే చూడండి. చెయ్యి తిరిగిన మనిషికి "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అంటే చాలు, కాసేపట్లో వాకిట్లో ముగ్గు తేలిపోతుంది. అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకైతే పక్కన కూర్చుని ఇక్కడ చుక్క పెట్టు, ఇక్కణ్ణుంచి గీత తియ్యి అని ఒక్కొక్కటీ చెప్పాలి. ప్రింటర్లూ అంతే. అడోబీ వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్, హెచ్‌పీ వాళ్ల పీసీఎల్ లాంటి భాషలు అర్థమయ్యే ప్రింటర్లు మొదటి రకం. "ఈ చోట ఈ అక్షరం, ఇంత సైజులో" అని చెబితే చుక్కల లెక్క అవే చూసుకుంటాయి. ఆ భాషల వివరాలు అందరికీ తెలుసు కాబట్టి లినక్స్‌కి వాటితో పేచీ రాలేదు. ఖరీదైన ఆఫీసు ప్రింటర్లు ఎక్కువగా ఈ రకమే.

ఇంటికి చవకలో దొరికిన లేజర్ ప్రింటర్లు చాలావరకు రెండో రకం. వాటిలో మెమరీ తక్కువ, బుర్ర తక్కువ. చుక్కల లెక్కంతా కంప్యూటరే కట్టి, ఆ కంపెనీకి మాత్రమే తెలిసిన సొంత భాషలో పంపాలి. ఆ పని చేసే దుబాసీనే మనం డ్రైవర్ అంటాం. విండోస్‌కి దుబాసీని కంపెనీ తప్పకుండా తయారు చేసి ఇస్తుంది. లినక్స్‌కి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా పదేళ్ల పాటు దాన్ని నిలబెడుతుందన్న హామీ లేదు.

భాష తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల క్రితం తొందరలో ఒక ప్రింటర్‌కి వేరే మోడల్ డ్రైవర్ ఎంచి, మూడు పేజీల అప్లికేషన్ ప్రింట్ కొట్టాను. మొదటి కాగితం మీద ఎడమ మూలన ఒక పర్సెంట్ గుర్తు, ఒక ఆశ్చర్యార్థకం, ఆ పక్కన రెండు ఇంగ్లిష్ అక్షరాలు. కింద ఒక లైను పిచ్చి గుర్తులు. మిగతా కాగితమంతా తెలుపు. రెండో కాగితం మీద ఇంకో రెండు లైన్లు. క్యాన్సిల్ కొట్టినా ఆగలేదు, ట్రేలో కాగితాలన్నీ అయిపోయేదాకా లాగుతూనే ఉంది. ఆ పర్సెంట్, ఆశ్చర్యార్థకం అన్నవి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు మొదట్లో ఉండే ఆనవాలు అని తర్వాత తెలిసింది. పోస్ట్‌స్క్రిప్ట్ రాని ప్రింటర్‌కి పోస్ట్‌స్క్రిప్ట్ పంపితే, పాపం అది ఆ మాటల్ని అక్షరాలనుకుని అచ్చేసింది.

మన ఊళ్లలో ఏ జిరాక్స్ షాపులో చూసినా కనబడే పాత మోడళ్లు రెండున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని చాలామంది తీసుకుంటారు కాబట్టి వీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకటి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. దాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, దానిలో శాశ్వతంగా ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఎక్కించాలి. కరెంటు పోయి వచ్చిందంటే ప్రింటర్ అంతా మరిచిపోయి కూర్చుంటుంది. లినక్స్‌లో ఈ పని హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ చేస్తుంది. హెచ్‌పీలిప్ ఓపెన్ సోర్సే, అంటే దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. కానీ ఇలాంటి మోడళ్లకి దానితో పాటు సోర్స్ బయటపెట్టని ఒక ప్లగిన్, అంటే తోడు ముక్క, కూడా దించుకోవాలి. ఆ ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ మారి ప్లగిన్ పాతదే మిగిలితే నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఇవాళ మొరాయిస్తుంది. కారణం తెలియని మనిషి ప్రింటర్ పాడైందనుకుంటాడు.

రెండోది కేనన్ ఎల్‌బీపీ 2900. గట్టి మెషీన్, ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ అది మాట్లాడేది క్యాప్ట్ అనే కేనన్ సొంత భాష. కేనన్ లినక్స్‌కి డ్రైవర్ ఇచ్చింది కానీ, అది మామూలు ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లకే. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి ఇంటిల్లిపాదికీ ప్రింటర్ పంచుదామంటే అది నడవదు. కొందరు ఔత్సాహికులు ఆ భాషను బయటి నుంచి గమనించి, అర్థం చేసుకుని ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాశారు. వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. కానీ ఆ దారి లినక్స్‌తో చేయి తిరిగినవాళ్లకే. బాబాయి లాంటి వాళ్లకి నేను చెప్పను.

ఒక్కోసారి కంపెనీయే చేతులు మారుతుంది. శాంసంగ్ తన ప్రింటర్ల వ్యాపారాన్ని 2017లో హెచ్‌పీకి అమ్మేసింది. డ్రైవర్ మీద ఆధారపడ్డ ప్రింటర్ కొన్నప్పుడు ఆ కంపెనీ ఆయుష్షు మీద, దాని ఆసక్తి మీద కూడా మనం డబ్బు పెడుతున్నట్టే. రోలర్లు బాగున్నాయి, డ్రమ్ము బాగుంది, టోనర్ దొరుకుతోంది, డ్రైవర్ లేదు కాబట్టి తుక్కు కింద పోతోంది అంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఫోన్ చేసిన మేలు

ప్రింటర్‌కీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కీ ఉన్న లంకె పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం ఇరుక్కుంటే పై అంతస్తులో ఉన్నవాళ్లకి తెలిసేది కాదు. పాత ప్రింటర్ ప్రోగ్రామ్‌ని ఆ ల్యాబ్‌లో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ మార్చి, కాగితం ఇరుక్కున్నప్పుడు ప్రింట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల స్క్రీన్ల మీద కబురు వచ్చేలా చేసి ఉన్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. అది ఉన్న కార్నెగీ మెలన్ పరిశోధకుడిని అడిగితే, బయటపెట్టనని ఒప్పందం మీద సంతకం చేశానంటూ ఇవ్వలేదు. ఎవరైనా మార్చుకుని పంచుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ అనుభవం కూడా ఉంది.

ఇప్పుడు లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే వ్యవస్థ. మైకేల్ స్వీట్ రాసిన ఈ ప్రోగ్రామ్ 1999లో బయటికొచ్చింది. 2002లో యాపిల్ దాన్ని మ్యాక్‌లోకి తీసుకుంది, 2007లో స్వీట్‌ని ఉద్యోగంలోకి తీసుకుని కోడ్ హక్కులూ కొనుక్కుంది. అంటే మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ప్రింటింగ్‌కి పునాది ఒకటే. 2019 చివర్లో స్వీట్ యాపిల్ నుంచి బయటికొచ్చాక, టిల్ కాంప్‌టర్ నడిపిస్తున్న ఓపెన్‌ప్రింటింగ్ బృందం కప్స్ బాధ్యత ఎత్తుకుంది.

అసలు మలుపు ఐఫోన్‌తో వచ్చింది. ఫోన్‌లో వందల ప్రింటర్లకి వందల డ్రైవర్లు నింపడం కుదిరే పని కాదు. అందుకని 2010లో యాపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. మా ఫోన్ అందరితో ఒకే భాషలో మాట్లాడుతుంది, మీ ప్రింటరే అది నేర్చుకోవాలి అన్నది దాని సారాంశం. ఐఫోన్ వాడేవాళ్లని వదులుకోలేక ప్రింటర్ కంపెనీలన్నీ దుబాసీని కంప్యూటర్లోంచి తీసి ప్రింటర్లోనే కూర్చోబెట్టాయి. 2013లో కేనన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి ఆండ్రాయిడ్ వైపు మోప్రియా పెట్టాయి. ఐపీపీ ఎవ్రీవేర్ అనే ప్రమాణం కూడా అదే కోవలోది. పేర్లు మూడైనా లోపల ప్రవహించేది ఒకటే, ఐపీపీ అనే ఇంటర్నెట్ ప్రింటింగ్ పద్ధతి. కప్స్ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నది ఆ ఐపీపీనే. కంపెనీలు లినక్స్ కోసమని చేసింది కాదు, అయినా లాభం మనకొచ్చింది.

బాబాయి ప్రింట్ నొక్కినప్పుడు జరిగేది ఇదీ. ఇంటి వైఫైలోకి రాగానే ప్రింటర్ "నేనున్నాను, నా పేరు ఇదీ" అని చాటుతుంది. కప్స్ అది విని, నీ దగ్గర ఏ సైజు కాగితాలు ఉన్నాయి, రంగు వస్తుందా, రెండు వైపులా వేస్తావా, పీడీఎఫ్ తీసుకుంటావా, ఉత్త చుక్కల బొమ్మే కావాలా అని అడుగుతుంది. ప్రింటర్ చెప్పిన జవాబులే మన ప్రింట్ డబ్బాలో ఆప్షన్లుగా కనబడతాయి. మోడల్ నంబర్ వెతకడం లేదు, డ్రైవర్ దించుకోవడం లేదు. రేపు అదే కంపెనీ ఆ మోడల్‌ని మరిచిపోయినా, ఇది ఇలాగే పనిచేస్తుంది.

యూఎస్‌బీ కేబుల్ పెట్టుకునేవాళ్లకీ దారి ఉంది. కేబుల్ మీదే ఐపీపీ మాట్లాడే పద్ధతి ఒకటి వచ్చింది. డెబియన్ అనే లినక్స్ రకంలో, 2021లో వచ్చిన డెబియన్ 11 నుంచి ఐపీపీ-యూఎస్‌బీ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చూస్తోంది. ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల్లోనూ ఉంది. అయితే ప్రింటర్‌కి కూడా ఆ పద్ధతి రావాలి. ఎయిర్‌ప్రింట్ ఉన్న వైఫై మోడళ్లలో చాలావాటికి వస్తుంది. వైఫై లేకుండా యూఎస్‌బీ ఒక్కటే ఉండి, అందరికంటే చవగ్గా దొరికే మోడళ్లకి ఎక్కువగా రాదు. వెయ్యో రెండు వేలో మిగులుతాయని అవి తీసుకుంటే మళ్లీ డ్రైవర్ల గొడవలోకి వెళ్లినట్టే. వైఫై గానీ, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు గానీ ఉన్నదే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను.

ఇంకు, టోనరు, స్కానరు

నెలకి పదిహేను ఇరవై కాగితాలు, అవీ ఎక్కువగా నలుపే అయితే లేజర్ తీసుకోండి. టోనర్ పొడి కాబట్టి రెండు నెలలు ముట్టుకోకపోయినా ఏమీ కాదు. ఇంకు ప్రింటర్‌ని వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చి ఆన్ చేస్తే అక్షరాల మధ్య తెల్ల గీతలు వస్తాయి, ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు, అంటే నాజిల్స్, ఎండిపోయి ఉంటాయి. రంగు ప్రింట్లు వారం వారం తీసే ఇంటికి, చిన్న ఆఫీసుకి ఇంకు ట్యాంకే లాభం. అలాంటప్పుడు ఆ నాజిల్స్‌ని శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ ప్రింటర్ మీదున్న బటన్లతోనో, చిన్న తెరతోనో చేసుకునే వీలుందా చూసుకోండి. కొన్నిటికి ఆ పని విండోస్ ప్రోగ్రామ్‌లోనో, ఫోన్ యాప్‌లోనో మాత్రమే ఉంటుంది.

ఇప్పటికే ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి ఎప్సన్ వాళ్లే ఇచ్చిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది. బ్రదర్ నలుపు లేజర్లకి కంపెనీ డ్రైవర్లతో పాటు, బీఆర్‌లేజర్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ చాలా మోడళ్లకి నడుస్తుంది. బిల్లింగ్ కౌంటర్లలో గిర్రుమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకి కప్స్‌లోనే మామూలు డ్రైవర్లు ఉన్నాయి. వాటి భాష దశాబ్దాల నాటిది, అందరికీ తెలిసింది.

ఆల్-ఇన్-వన్ కొనేవాళ్లు స్కానర్ సంగతి విడిగా చూసుకోవాలి. ప్రింట్ వచ్చింది కదా అని స్కాన్ కూడా వస్తుందనుకోవద్దు, ఆ రెండూ వేరే దారులు. ఇప్పటి ఎయిర్‌ప్రింట్ ఆల్-ఇన్-వన్‌లలో చాలావాటికి ఈఎస్‌సీఎల్ అనే పద్ధతి ఉంటుంది. లినక్స్‌లో సేన్-ఎయిర్‌స్కాన్ దాన్ని అందుకుంటుంది, విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

తెలుగు ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. ఒత్తులు, గుణింతాలు అమర్చే పని కంప్యూటర్‌లోనే అయిపోతుంది. ప్రింటర్‌కి వెళ్లేది ఫాంటు కలిపిన పీడీఎఫ్, లేకపోతే చుక్కల బొమ్మ. కాబట్టి ప్రింటర్‌కి తెలుగు రానక్కర్లేదు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కట్టిన శుభలేఖ అయినా, ఫాంట్లు కలిపి పీడీఎఫ్ చేయించుకుంటే లినక్స్‌లో ఒత్తు కూడా చెదరకుండా వస్తుంది. డాట్ మ్యాట్రిక్స్ మీద ఉత్త టెక్స్ట్‌గా పంపితే మాత్రం తెలుగు రాదు, ఆ మెషీన్లలో చాలావాటిలో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే.

డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. ఉదాహరణకి హెచ్‌పీ ప్లస్ పథకంలో చేరిన ప్రింటర్‌కి ఎప్పుడూ ఇంటర్నెట్ కనెక్షన్, హెచ్‌పీ అకౌంట్, ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌లు ఉండాలన్నది షరతు. ఊళ్లో టోనర్ రీఫిల్ చేయించుకునే అలవాటున్నవాళ్లకి అది నప్పదు.

ఇదంతా ముందుముందు ఇంకా ముఖ్యమవుతుంది. పాత పద్ధతి డ్రైవర్లను కప్స్ 3 పూర్తిగా వదిలేస్తోంది. అవసరమైన పాత ప్రింటర్లకి ప్రింటర్ అప్లికేషన్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్‌లు తయారవుతున్నాయి. అవి పాత ప్రింటర్‌ని కప్స్ ముందు ఐపీపీ ప్రింటర్‌లా నిలబెడతాయి. మైక్రోసాఫ్ట్ కూడా కంపెనీల డ్రైవర్లకి మెల్లగా స్వస్తి చెబుతామని 2023లోనే ప్రకటించింది. విండోస్‌వాళ్లకైనా ఇప్పుడు నేను ఇలాంటి, డ్రైవర్ అక్కర్లేని ప్రింటరే చెబుతాను.

ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో సిమోనే మార్గరిటెల్లి అనే ఇటలీ పరిశోధకుడు కప్స్‌కి తోడుగా నడిచే ఒక ప్రోగ్రామ్‌లో పెద్ద లొసుగు బయటపెట్టాడు. బయటివాడు దొంగ ప్రింటర్‌ని మన జాబితాలోకి చొప్పించి, మనం దానికి ప్రింట్ ఇచ్చినప్పుడు తన కోడ్ నడిపించే వీలుండేది. దానికి సవరణలు వచ్చేశాయి. అప్‌డేట్లు వేసుకుంటూ ఉండండి, రౌటర్‌లో కప్స్ వాడే 631 పోర్టును, అంటే ఆ నంబరు తలుపును, బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి.

ఇక షాపులో పరీక్ష. ఆండ్రాయిడ్ 8 నుంచీ ఫోన్‌లోనే డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఉంటుంది. డెమో ప్రింటర్ ఆన్ చేయించి, దాని వైఫై డైరెక్ట్‌కి, అంటే ప్రింటర్ తనంతట తానే ఇచ్చే వైఫైకి, ఫోన్ కలపండి. ఏదైనా ఒక పీడీఎఫ్ తెరిచి ప్రింట్ నొక్కండి. ప్రింటర్ పేరు ఆ సర్వీస్ కింద కనబడి, కాగితం బయటికొస్తే లినక్స్‌లోనూ దాదాపు వచ్చినట్టే. కంపెనీ యాప్ దించుకోమని అడిగితే ఇంకో మోడల్ చూపించమనండి. వీలైతే ల్యాప్‌టాప్‌నే పట్టుకెళ్లండి, అంతకు మించిన పరీక్ష లేదు.

బాబాయి ఫోన్‌తో పరీక్ష చేసి, వైఫై ఉన్న నలుపు లేజర్ ఒకటి పట్టుకొచ్చాడు. సాయంత్రం మళ్లీ ఫోన్. "పేరు చూపిస్తోంది, ప్రింట్ కొట్టాను, లైటు ఎర్రగా కొట్టుకుంటోంది, కాగితం మాత్రం లాగట్లేదురా" అని. నాకు అర్థమైంది. మింట్ వేసేటప్పుడు నేను భాష అమెరికా ఇంగ్లిష్ పెట్టాను. దాంతో కాగితం సైజు లెటర్ అయింది, అంటే ఎనిమిదిన్నర అంగుళాలకి పదకొండు. ట్రేలో ఉన్నది ఏ4. లెటర్ కాగితం పెడతారేమోనని ప్రింటర్ ఎదురుచూస్తూ కూర్చుంది. ఇండియా ఇంగ్లిష్ గానీ తెలుగు గానీ ఎంచుకుని ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

"సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ తెరువు బాబాయ్. నీ ప్రింటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అందులో పేపర్ సైజు దగ్గర ఏముంది?"

"లెటర్ అని ఉంది."

"దాన్ని ఏ4 చెయ్యి. ఇరుక్కున్న ప్రింట్ క్యాన్సిల్ చేసి మళ్లీ ఇవ్వు."

ఫోన్‌లో ముందు రోలర్ తిరిగిన చప్పుడు వినబడింది, తర్వాత కాగితం జారిన చప్పుడు. అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం పైకి చదివి, "రెండో కాపీ ఎలా కొట్టాలో చెప్పు, మీ అత్తయ్య వాళ్లకీ ఒకటి కావాలట" అన్నాడు.